టొరెంట్ తెర మీది అంకెలు: ఏది లెక్క, ఏది కాకిలెక్క

టొరెంట్ సాఫ్ట్‌వేర్ అంటే ఒక ఫైలుని చాలామంది కంప్యూటర్ల నుంచి ముక్కలుగా తెచ్చుకునే సాధనం. దాన్ని తెరిస్తే కళ్ళ ముందు ఒకేసారి పది పదిహేను అంకెలు కదులుతుంటాయి. శాతం, వేగం, సీడ్లు, పీర్లు, రేషియో, అవైలబిలిటీ, ఇంకెంతసేపు... వీటిలో చాలామంది చూసేవి రెండే: ఎంత శాతం దిగింది, ఇంకా ఎంతసేపు పడుతుంది. నన్నడిగితే ఆ రెండోది తెర మొత్తంలో అన్నిటికన్నా తక్కువ నమ్మాల్సిన అంకె. అయినా చూపు దాని మీదే ఉంటుంది. "12 నిమిషాలు" అని చూసి లేచి వెళ్ళి, తిరిగొచ్చేసరికి అది "3 గంటలు" అంటుంది. టెన్షన్ మనకే, దానికేం పట్టదు.

ఈ అంకెల్ని విడదీసి చూడటానికి నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది: ఈ అంకె ఎవరు చెప్పారు? కొన్ని మన సాఫ్ట్‌వేర్ తన చేతులతో లెక్కపెట్టినవి. మన కంప్యూటర్లోకి ఎన్ని బైట్లు వచ్చాయి, ఎన్ని బయటికెళ్ళాయి అన్నవి ఈ రకం. కొన్ని ఎవరో చెబితే విన్నవి. కొన్ని పూర్తిగా ఊహలు. మూడు రకాలూ ఒకే వరుసలో, ఒకే సైజు అక్షరాల్లో, దశాంశ బిందువుతో సహా దర్జాగా కనిపిస్తాయి కాబట్టి మనం మూడిటికీ ఒకే మర్యాద ఇచ్చేస్తాం. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

బిట్‌టొరెంట్ పద్ధతిని బ్రామ్ కోహెన్ 2001లో తయారుచేశాడు. ఫైలుని సమానమైన ముక్కలుగా కోస్తారు. ముక్క సైజు 256 కేబీ ఉండొచ్చు, కొన్ని ఎంబీలు ఉండొచ్చు. ప్రతి ముక్కకీ వేలిముద్ర లాంటి ఒక హ్యాష్ ముందే రాసి ఉంటుంది. ముక్క ఎవరి దగ్గర్నుంచి వచ్చినా సరే, వేలిముద్ర కలిస్తేనే దాన్ని లోపలికి రానిస్తారు. 4 జీబీ ఫైలుని 4 ఎంబీ చొప్పున కోస్తే 1024 ముక్కలు. మొత్తం ముక్కలు ఉన్నవాళ్ళు సీడ్లు, ఇంకా పోగుచేసుకుంటున్నవాళ్ళు పీర్లు లేదా లీచర్లు. ఎవరి దగ్గర ఏ ముక్క ఉందన్నదాని మీదే తక్కిన కథంతా నడుస్తుంది.

ఇప్పుడు సీడ్ల గడిలో "7 (143)" అని ఉందనుకుందాం. బయట ఉన్న 7 మన సొంత లెక్క: ఈ క్షణాన మనతో కనెక్ట్ అయి ఉన్న సీడ్లు ఏడు. బ్రాకెట్‌లోని 143 ట్రాకర్ చెప్పిన మాట. ట్రాకర్ దగ్గర ఫైలు ఉండదు, హాజరుపట్టీ మాత్రమే ఉంటుంది. గుంపులో ఉన్న ప్రతి సాఫ్ట్‌వేరూ మామూలుగా అరగంటకోసారి దానికి కబురు పెడుతుంది: నేనున్నాను, ఇంత దించుకున్నాను, ఇంత ఇచ్చాను, ఇంకా ఇంత మిగిలింది. ఎవరి కరెంటో పోయి, చెప్పకుండా మాయమైతే వాళ్ళ పేరు కొంతసేపు పట్టీలో అలాగే ఉండిపోతుంది. పైగా ఒకే మనిషి పేరు నాలుగు ట్రాకర్ల పట్టీల్లో ఉండొచ్చు. అంటే 143 అనేది అరగంట కిందటి హాజరు.

ఆ 143 మందినీ మనం అందుకోగలమా అంటే, అదీ కాదు. ఒకసారి అడిగితే ట్రాకర్ సాధారణంగా 50 చిరునామాల దాకా ఇస్తుంది. ఆ చిరునామాల్లో సగం మంది తమ రౌటర్ల వెనక తలుపులు వేసుకుని కూర్చుని ఉండొచ్చు. వాళ్ళు బయటికొచ్చి మనల్ని పలకరించగలరు గానీ, మనం వెళ్ళి తలుపు తట్టలేం. మన తలుపు కూడా మూసే ఉంటే ఇద్దరికీ ఎదురుపడే దారి దాదాపు లేనట్టే. మధ్యవర్తి సాయంతో కలిపే పద్ధతులున్నాయి, కానీ అన్నిసార్లూ పనిచెయ్యవు. ఈ తలుపునే పోర్టు అంటారు. అందుకే ఒకే టొరెంట్ పోర్టు తెరిచిన మనిషికి పరిగెత్తుతుంది, పోర్టు మూసున్న మనిషికి కుంటుతుంది. బ్రాకెట్‌లో అంకె మాత్రం ఇద్దరికీ ఒకటే.

పక్కనే స్టేటస్ పట్టీలో "డీహెచ్‌టీ: 380 నోడ్లు" లాంటిది కనిపిస్తుంది. ట్రాకర్ లేకపోయినా మనుషుల్ని వెతుక్కోవడానికి, చిరునామాల పుస్తకాన్ని అందరూ తలా ఒక పేజీ పంచుకుని పట్టుకునే ఏర్పాటు ఇది. ఆ 380 మందికీ మన ఫైలుకీ ఏ సంబంధం లేదు. సున్నా ఉంటే ఏదో అడ్డం పడుతోందని అర్థం. సున్నా కాకపోతే ఇక దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

తెర మీద ఇంతకంటే చాలా విలువైన అంకె ఇంకొకటుంది, దాన్ని చూసేవాళ్ళు తక్కువ: అవైలబిలిటీ. కొన్నిట్లో దీన్ని డిస్ట్రిబ్యూటెడ్ కాపీలు అంటారు. ఒకసారి నాకో పాత ఫైలు 99.2 శాతం దగ్గర ఆగిపోయింది. ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. కనెక్ట్ అయి ఇరవై మంది ఉన్నారు, వేగం మాత్రం సున్నా. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్ళని తిట్టుకున్నాను, రౌటర్ ఆపి మళ్ళీ వేశాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ పెట్టాను. సమాధానం ఆ నాలుగు రోజులూ పక్క గడిలోనే ఉంది: అవైలబిలిటీ 0.992. ఆ మిగిలిన 0.8 శాతం ముక్కలు ఆ ఇరవై మందిలో ఒక్కరి దగ్గరా లేవు. అందరూ నాలాగే 99.2 దగ్గర కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

ఈ అంకెని రెండు భాగాలుగా చదవాలి. 3.412 అని ఉందనుకోండి. బిందువుకి ముందున్న 3 ఏం చెబుతుందంటే, అన్నిటికన్నా అరుదైన ముక్క కూడా కనీసం మూడు చోట్ల ఉంది. బిందువు తర్వాతి .412 చెప్పేది: 41.2 శాతం ముక్కలు మూడు కంటే ఎక్కువ చోట్ల ఉన్నాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు మన దగ్గరున్న ముక్కల్ని కూడా ఇందులో కలిపేస్తాయి. కాబట్టి మనం సీడ్ చేస్తున్నప్పుడు 1 కనిపిస్తే పొంగిపోవాల్సిందేం లేదు, ఆ ఒకటి మనమే. దించుకునేటప్పుడు 1 కంటే తక్కువ ఉంటే, ఇప్పుడు కనెక్ట్ అయి ఉన్నవాళ్ళతో పని పూర్తి కాదు. ఎవరో ఒక సీడ్ తిరిగి రావాలి.

ఇందులో ఓ తమాషా ఉంది. సీడ్లు సున్నా ఉన్నా అవైలబిలిటీ 2 ఉండొచ్చు. పది మంది దగ్గర సగం సగం ముక్కలున్నాయి, అవన్నీ కలిపితే మొత్తం ఫైలు రెండుసార్లు తయారవుతుంది. "సీడ్లు లేరు, చచ్చిపోయిన టొరెంట్" అని జనం వదిలేసి వెళ్ళిపోతారు గానీ అది బతికే ఉంది. ఇలా బతికుండేలా చూడటానికే సాఫ్ట్‌వేర్లు అరుదైన ముక్కని ముందు అడుగుతాయి. అందరూ మొదటి ముక్క నుంచి వరసగా దించుకుంటే చివరి ముక్కలు ఒకే సీడ్ దగ్గర ఉండిపోతాయి, ఆ సీడ్ వెళ్ళిపోతే అందరూ మునుగుతారు. "వరస క్రమంలో దించు" అనే ఆప్షన్‌ని జాగ్రత్తగా వాడమనేది అందుకే.

వేగం గురించి చెప్పుకునే ముందు ఒక పాత తికమక తీర్చేద్దాం. కనెక్షన్ అమ్మేవాళ్ళు మెగాబిట్లలో చెబుతారు, సాఫ్ట్‌వేర్ మెగాబైట్లలో చూపిస్తుంది. ఒక బైటుకి ఎనిమిది బిట్లు. 100 మెగాబిట్ల లైన్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు. చాలా సాఫ్ట్‌వేర్లు వెయ్యికి బదులు 1024తో లెక్కేస్తాయి కాబట్టి అదే వేగం 11.9గా కనిపిస్తుంది. అందులోంచి ప్రతి ప్యాకెట్ మీదా రాసే చిరునామాల బరువు తీసేస్తే 11కి కాస్త పైన తేలుతుంది. అది కనిపిస్తే మీ లైన్ నిండుగా పారుతున్నట్టే. ఎవరూ ఏమీ దొంగిలించలేదు.

నిండుగా పారకపోతే అప్పుడు చూడాల్సింది పీర్ల జాబితా. వంద మంది కనెక్ట్ అయి ఉన్నారంటే వంద మంది ఇస్తున్నారని కాదు. ఇక్కడ నడిచేది ఇచ్చిపుచ్చుకోవడం. ప్రతి సాఫ్ట్‌వేరూ తనకు బాగా ఇస్తున్న కొద్దిమందికే తిరిగి ఇస్తుంది, మిగతావాళ్ళని ఆపి ఉంచుతుంది. దీన్నే చోకింగ్ అంటారు. మొదటి రూపకల్పనలో ఈ ఎంపికని పది సెకన్లకోసారి తిరిగి చేసేవారు, ఒకేసారి ఇచ్చేది నలుగురికే. అయితే కొత్తగా వచ్చినవాడి దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు కదా, వాడి గతేంటి? అందుకని ముప్ఫై సెకన్లకోసారి ఎవరో ఒకరికి, ముందు ఏమీ ఆశించకుండా, ఒక అవకాశం ఇస్తారు. ఆ తర్వాత వాడు తిరిగి ఇస్తే జతలో ఉంటాడు, లేకపోతే ఆ అవకాశం ఇంకొకరికి.

వేగం గ్రాఫు అలల్లా పైకీ కిందకీ ఊగడానికి సగం కారణం ఇదే. పది సెకన్లకోసారి ఎవరో మనల్ని వదిలేస్తారు, ఇంకెవరో పట్టుకుంటారు. మొదటి రెండు నిమిషాల వేగం చూసి టొరెంట్ మీద తీర్పు చెప్పెయ్యకూడదనేది కూడా ఇందుకే. అప్పటికి మన దగ్గర పంచడానికి ముక్కలుండవు, మనతో జతకట్టడానికి ఎవరికీ కారణం ఉండదు.

పీర్ల జాబితాలో ఒక్కో పేరు పక్కన ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అవి గజిబిజిగా ఉన్నా, అసలు సంగతి చెప్పేవి అవే. పెద్ద డి ఉంటే వాళ్ళు మనకి ఇస్తున్నారు. చిన్న డి ఉంటే మనకి కావాలి, వాళ్ళు ఆపి ఉంచారు. పెద్ద యూ, చిన్న యూ మన వైపు నుంచి వాళ్ళకి ఇవ్వడం గురించి ఇదే మాట చెబుతాయి. ఎస్ కనిపిస్తే ఇస్తామని ఒప్పుకుని ఒక నిమిషం పాటు ఏమీ పంపనివాళ్ళు. జాబితా నిండా చిన్న డిలే ఉన్నాయంటే లోపం మీ లైన్‌లో లేదు, క్యూలో ఉన్నారంతే. పెద్ద డిలు చాలా ఉండి కూడా మొత్తం వేగం తక్కువగా ఉంటే, అప్పుడు ఇటువైపు ఏదో ఇరుకు ఉందేమో చూడాలి.

క్యూ అంటే గుర్తొచ్చింది. ఈమ్యూల్ అనే ఇంకో ఫైళ్ళ మార్పిడి సాఫ్ట్‌వేర్ వాడినవాళ్ళకి ఇంకో రకం వేదన తెలుసు. అందులో ప్రతి ఇచ్చేవాడి దగ్గరా మన వరస సంఖ్య కనిపించేది. 812, తర్వాత 640, హమ్మయ్య అనుకునేలోపు 700. వరసలో వెనక్కి వెళ్ళడమేంటని మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. అక్కడ వరసని వేచి ఉన్న సమయం ఒక్కటే నిర్ణయించదు. దాన్ని, అంతకుముందు ఆ మనిషికి మనం ఎంత ఇచ్చామన్న క్రెడిట్‌తోనూ, ఫైలు ప్రాధాన్యంతోనూ గుణిస్తారు. ఆ క్రెడిట్ గుణకం 1 నుంచి 10 దాకా ఉంటుంది. పదింతలు క్రెడిట్ ఉన్నవాడు నిన్నొచ్చినా, పది రోజుల నుంచి నిలబడ్డ మనల్ని దాటి పోగలడు.

"ఇంకెంతసేపు" అనే అంకె గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. మిగిలిన సైజుని వేగంతో భాగిస్తారు, అంతే. 1200 ఎంబీ మిగిలి, వేగం సెకనుకి 2 ఎంబీ ఉంటే పది నిమిషాలు. వేగం అర ఎంబీకి పడితే నలభై. వేగమే పది సెకన్లకోసారి మారుతుంటే దాని నీడ కుదురుగా ఎలా ఉంటుంది? కొన్ని సాఫ్ట్‌వేర్లు గత కొంతసేపటి సగటు తీసి కాస్త నిలకడ తెస్తాయి. ఏదైనా సరే, అది అరుదైన ముక్కల్ని లెక్కలోకి తీసుకోదు. 0.992 దగ్గర నా ఫైలు 98 శాతం ఉన్నప్పుడు కూడా "4 నిమిషాలు" అనే చెప్పింది. ఆ నాలుగు నిమిషాలు ఎప్పటికీ అయిపోలేదు. వేగం సున్నా అయ్యాక మాత్రం పడుకున్న ఎనిమిది లాంటి అనంతం గుర్తు వేసి నిజం ఒప్పుకుంది.

ఇక రేషియో. ఇచ్చిన బైట్లని తీసుకున్న బైట్లతో భాగిస్తే వచ్చేది. 1 వస్తే తీసుకున్నంత తిరిగిచ్చినట్టు. దీని చుట్టూ చాలా నీతి అల్లుకుపోయింది, రేషియో తక్కువ ఉన్నవాడు పిసినారి అన్నట్టు. కాగితం మీద లెక్క వేసి చూస్తే ఆ నీతి అంత గట్టిగా నిలబడదు.

ఒక సీడ్, తొమ్మిది మంది దించుకునేవాళ్ళు, 4 జీబీ ఫైలు అనుకుందాం. తొమ్మిది మందీ కలిసి దించుకున్నది 36 జీబీ. గుంపులో ఒకరు తీసుకున్న ప్రతి బైటూ ఇంకొకరు ఇచ్చిందే కాబట్టి, మొత్తం ఇచ్చింది కూడా 36 జీబీయే. అందులో కనీసం 4 జీబీ సీడ్ ఇచ్చి తీరాలి, ఎందుకంటే మొదటి కాపీ ఇంకెక్కడా లేదు. మిగిలిన 32 జీబీ ఈ తొమ్మిది మంది పంచుకోవాలి. 32ని 36తో భాగిస్తే 0.89. అంటే వాళ్ళు ఎంత మంచివాళ్ళైనా, కంప్యూటర్లు రాత్రంతా ఆన్ చేసి పెట్టినా, వాళ్ళ సగటు రేషియో 0.89 దాటదు. ఒకడికి 3 వచ్చిందంటే తక్కినవాళ్ళకి అంతమేరకు తగ్గి తీరుతుంది.

ఆ 3 ఎవరికి వస్తుంది? ముందొచ్చినవాడికి, అప్‌లోడ్ వేగం ఎక్కువున్నవాడికి. చివర్లో వచ్చినవాడు అప్పటికే సీడ్లతో నిండిపోయిన గుంపులో చేరతాడు. తీసుకునేవాళ్ళు లేకపోతే ఇవ్వాలన్నా ఎవరికివ్వాలి? కాబట్టి రేషియో మనిషి ఉదారతని ఎంత కొలుస్తుందో, వచ్చిన వేళనీ లైన్ బలాన్నీ కూడా అంత కొలుస్తుంది. నా మట్టుకు నేను రేషియో కంటే "సీడ్ చేసిన సమయం" అనే గడిని ఎక్కువ గౌరవిస్తాను. అరుదైన పాత ఫైలుని 0.1 రేషియోతో రెండేళ్ళు పట్టుకుని కూర్చున్నవాడు, కొత్త ఫైలు మీద ఒక్క రాత్రిలో 5 తెచ్చుకున్నవాడికంటే గుంపుకి ఎక్కువ మేలు చేశాడు.

ఇంకో సంగతి. ట్రాకర్‌కి డేటా కనిపించదు. మనం ఎంత ఇచ్చామన్నది మన సాఫ్ట్‌వేర్ చెప్పిందే దానికి తెలుసు. సభ్యులకి మాత్రమే తలుపు తీసే ట్రాకర్లు రేషియో పెట్టి కట్టడి చేస్తాయి కదా, అదంతా స్వయంగా ఇచ్చుకున్న లెక్క మీదే నడుస్తుంది. అందుకే అవి లెక్క తప్పించే సాఫ్ట్‌వేర్లని నిషేధిస్తాయి, అనుమానం వచ్చే అంకెల మీద కన్నేసి ఉంచుతాయి.

గణాంకాల విండో తెరిస్తే "వేస్ట్" అనే గడి ఉంటుంది. 4.00 జీబీ ఫైలుకి 4.02 దిగిందేంటని అడిగేవాళ్ళకి చాలావరకు జవాబు అక్కడుంటుంది. ముక్కల్ని 16 కేబీ తునకలుగా అడుగుతారు. 4 ఎంబీ ముక్కలో 256 తునకలు. ఒక్క తునక పాడైనా పాత పద్ధతిలో ముక్క మొత్తానికి వేలిముద్ర తప్పుతుంది, ఏది పాడైందో తెలియదు కాబట్టి అంతా పారేసి మళ్ళీ తెచ్చుకోవాలి. బిట్‌టొరెంట్ రెండో వెర్షన్‌లో 16 కేబీ తునక స్థాయి దాకా వేలిముద్రలు చూసుకునే వీలుంది, అందువల్ల చెడ్డదాన్ని ఒక్కదాన్నే పట్టుకోవచ్చు. రెండో రకం వేస్ట్ చివర్లో వస్తుంది. ఆఖరి కొన్ని తునకల కోసం ఒకే నెమ్మదైన మనిషి మీద ఆధారపడకుండా, వాటిని చాలామందిని ఒకేసారి అడుగుతారు. ముందొచ్చింది తీసుకుంటారు, రద్దు కబురు అందేలోపు వచ్చిన మిగతావి వృథా. ఒకటి రెండు శాతం లోపు వేస్ట్‌ని నేను పట్టించుకోను. అది ఊరికే పెరుగుతూ పోతుంటే ఎవరో ఒక పీర్ చెడ్డ డేటా పంపుతున్నాడు, లేదా మీ మెమరీలోనో డిస్కులోనో లోపం ఉంది.

అప్‌లోడ్‌కి పరిమితి పెట్టకుండా వదిలేస్తే డౌన్‌లోడ్ వేగం ఎందుకు పడిపోతుందన్నది చాలామందికి అంతుపట్టదు. మనకి డేటా వచ్చినప్పుడల్లా "అందింది" అని తిరుగు కబురు వెళ్ళాలి. బయటికెళ్ళే దారి మొత్తం అప్‌లోడ్‌తో కిక్కిరిసిపోతే ఆ చిన్న కబుర్లు దాని వెనక ఇరుక్కుంటాయి. అవతలివాడు కబురు రాలేదని నెమ్మదిస్తాడు. అందుకే అప్‌లోడ్‌ని లైన్ సామర్థ్యానికి కాస్త దిగువన ఆపమంటారు. యూటీపీ అనే పద్ధతి ఈ పనిని తనంతట తానే చేస్తుంది: దారిలో ఆలస్యం పెరుగుతున్నట్టు గమనించి, 100 మిల్లీసెకన్ల అదనపు ఆలస్యాన్ని హద్దుగా పెట్టుకుని, మిగతా పనులకి దారి ఇస్తుంది. అందువల్ల ఇంట్లో ఇంకొకరు వీడియో పెట్టగానే మీ టొరెంట్ వేగం తగ్గితే అది జబ్బు కాదు, అలాగే తగ్గాలి.

వేగవంతమైన లైన్లున్నవాళ్ళు చూడాల్సిన చివరి చోటు డిస్కు. క్యూబిట్‌టొరెంట్ లాంటి టొరెంట్ సాఫ్ట్‌వేర్ల గణాంకాల విండోలో వరసలో ఉన్న డిస్కు పనులు, అవి వరసలో ఉండే సగటు సమయం, రైట్ క్యాష్ ఓవర్‌లోడ్ (డిస్కు మీద రాయాల్సిన డేటా పోగుపడిపోవడం) లాంటి వరుసలుంటాయి. ముక్కలు చెల్లాచెదురుగా వస్తాయి కాబట్టి తిరిగే హార్డ్ డిస్కు ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి. ఆ వరస పొడుగెక్కుతూ ఉంటే, ఓవర్‌లోడ్ శాతం సున్నాకి దూరంగా ఉంటే, ఇరుకు నెట్‌వర్క్‌లో లేదు. అప్పుడు కనెక్షన్లు పెంచితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ఒకేసారి నడిచే టొరెంట్ల సంఖ్య తగ్గిస్తే మొత్తం వేగం పెరగడం అలాంటప్పుడే చూస్తాం.

ఇన్ని చూసినా లోపం టొరెంట్‌లో ఉందా మన దగ్గరుందా తేలకపోతే, నేను చేసే పని ఒకటే. ఏదైనా పేరున్న లినక్స్ (ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) పంపిణీ తాజా విడుదల టొరెంట్‌ని వాళ్ళ అధికారిక సైటు నుంచి తెచ్చి పెడతాను. డెబియన్, ఉబుంటు లాంటివాళ్ళు తమ ఇన్‌స్టాలేషన్ ఫైళ్ళని ఇలా కూడా పంచుతారు, విడుదలైన కొత్తలో సీడ్లకి కొదవుండదు. అది లైన్ నిండా పరిగెత్తితే నా లైన్, రౌటర్, డిస్కు బాగున్నట్టు, చిక్కు చాలావరకు ఆగిపోయిన ఫైలు దగ్గరే ఉన్నట్టు. అది కూడా నత్తలా నడిస్తే ఇక సీడ్ల గడి చూడటం మానేసి, పోర్టు దగ్గర్నుంచి మొదలుపెడతాను.